సుబ్బులమ్మ గారికి చక్కెర పడదు

ఆచార్య సౌందరరాజన్ గారు బూజును 'గారు' అనేవారు.

శిష్యులను నవ్వించడానికి సరదాగా అన్న మాట కాదది. ఎదురుగా నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, కాస్త వంగి మరీ అనేవారు. రొట్టె మీద పట్టిన ఆకుపచ్చ బూజు, తడిసిన చెప్పుకు పట్టిన తెల్ల బూజు, చింతపండు బుట్టలో దాక్కున్న నల్ల బూజు, ఆయన లెక్కలో అందరూ పెద్దవాళ్ళే. 'పెరిగింది' అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. 'వారు వచ్చారు', 'వారు లేచారు', 'వారికి ఎండ పడలేదు పాపం'. అదే నోటితో, పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వస్తే మాత్రం, "దాన్నెక్కడన్నా పడేయండి" అనేవారు.

నాలుగు ఊళ్ళు తిరిగినవాడికి ఒక సంగతి తెలుస్తుంది. ఒక ఊరి మర్యాద ఎంతో తేల్చుకోవడానికి గోపురాలు చూడనక్కర్లేదు; మూటతో బస్సెక్కిన ముసలమ్మను కండక్టరు ఏమని పిలుస్తాడో వింటే చాలు. గూడూరు స్టేషన్లో నిమ్మకాయల బస్తా మోసే మనిషిని ఒక రకంగానూ, అమ్ముకునే మనిషిని ఇంకో రకంగానూ పిలుస్తారు. బస్తా ఒక్కటే, నిమ్మకాయలవే. మన భాషలో ఒరే నుంచి తమరు దాకా మెట్లున్నాయి. ఏ మెట్టు మీద ఎవరిని నిలబెట్టాలో పాలపళ్ళు ఊడకముందే నేర్పేస్తారు. ఆ మెట్లన్నీ ఎక్కించి పై మెట్టు మీద బూజును కూర్చోబెట్టిన మనిషి, భూప్రపంచంలో సంగతేమో గానీ, తిరుపతిలో మాత్రం ఒక్కరే.

దీనికి కారణం ఊరందరికీ తెలుసు. అంటే, తెలుసని ఊరందరూ అనుకునేవారు.

సౌందరరాజన్ గారిది తరతరాలుగా గుడి కైంకర్యం చేసిన వైష్ణవ కుటుంబం. ఆ ఇళ్ళల్లో వంట అనరు, తళిగ అంటారు. చారు అనరు, సాత్తముదు అంటారు; అముదు అంటే అమృతం. "చారును అమృతమని పిలిచే ఇంట్లో పుట్టినాయన బూజుకు గారు తగిలిస్తే వింతేముందప్పా?" అని డిపార్టుమెంటు హెడ్డు దయానంద్ సిద్ధాంతం. దానికి ఎదురు చెప్పినవాడు లేడు.

ఆయన భార్య కల్యాణవల్లి గారికి మాత్రం ఒక ఫిర్యాదు ఉండేది. "ముప్ఫై ఆరేళ్ళుగా నన్ను 'ఇదిగో' అంటున్నారు. నేను కూడా నాలుగు రోజులు తడిగుడ్డ కప్పుకుని ఓ మూల కూర్చుంటే, నాకూ గారు వస్తుందేమో!"

నిస్సీ ఆ ప్రయోగశాలలో అడుగుపెట్టిన మొదటి రోజును జీవితంలో మర్చిపోలేదు. ఆమెది పుత్తూరు. ఎముకలు విరిగి కట్టు కట్టించుకోవడానికి వచ్చే జనానికి ఇడ్లీలు అమ్మే పాల్ గారి కూతురు. పరిశోధన విద్యార్థిగా సీటు వచ్చిందని కొత్త చుడీదార్ వేసుకుని, తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి, బీరువా అంత ఇనుప పెట్టె ముందు నిలబడి ఉన్న ఒక పెద్దాయన పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"ష్! వారింకా లేవలేదు. మనం బయట మాట్లాడుకుందామా, నిస్సీ గారూ?"

నిస్సీ జన్మలో తనను గారు అన్న మొదటి మనిషి ఆయనే. అయితే ఆ సంతోషం అనుభవించే తీరిక ఆమెకు దొరకలేదు. ఆయన అటు వెళ్ళగానే, గాజు గొట్టాలు కడుగుతున్న అటెండరు చెంగయ్య పక్కకు చేరింది.

"అన్నా, ఆ పెట్టెలో ఎవరుండారు?"

"మునిరామయ్య గారు."

"పెట్టెలోనా? తలుపేసి ఉండాది గదన్నా! ఊపిరెట్లా ఆడతాది?"

"ఊపిరికేం తక్కువ తల్లీ? దూది పెట్టినాం గదా!"

దూది అనేసరికి నిస్సీ రెండడుగులు వెనక్కి వేసి ప్రార్థన మొదలుపెట్టింది. తలుపు తీసి చెంగయ్య చూపిస్తే గానీ, అది గొట్టం మూతికి పెట్టిన దూది అనీ, మునిరామయ్య గారు చిటికెనవేలి గోరంత నల్లటి బూజు అనీ తెలియలేదు.

ఆ గదిలో ఆచారం అది. ఏ బూజు ఎవరి చోట దొరికితే వారి పేరే. గూడూరు నిమ్మకాయల వ్యాపారి మునిరామయ్య బుట్ట అడుగున దొరికినవారు మునిరామయ్య గారు. పూతలపట్టు క్రాసులో టీ అంగడి వరదమ్మ కట్టెల కింద దొరికినవారు వరదమ్మ గారు. వారిలో ఎవరైనా చచ్చిపోతే సౌందరరాజన్ గారు చచ్చిపోయారనేవారు కాదు, పోయారు అని కూడా అనేవారు కాదు. "వరదమ్మ గారు పరమపదించారు" అని, కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మున్ముందు దీని మీదే కథంతా తిరుగుతుంది.

ఇక అసలు మనిషి సుబ్బులమ్మ. ఆ అంతస్తంతా ఊడ్చే ఆమె. సన్నగా, నిటారుగా, తన చేతిలో పొరకకు తోబుట్టువులా ఉండేది. ఒక వానాకాలం పొద్దున ఆ పొరకను ముందుకు చాపి, ప్రయోగశాల గడప మీద నిలబడింది.

"సామీ, మీ వోళ్ళు నా పొరకను తినేస్తాండారు."

"మా వాళ్ళెవరు, సుబ్బులమ్మ గారూ?"

"ఎవురో నాకేం తెలుసు? మీ సుట్టాలే. టెంకాయ ఈనెల పొరక, ఏడాది ఉండాల్సింది నెలకు మెత్తగైపోతాండాది. ఇంకోటి ఇమ్మని ఆఫీసులో అడిగితే, నేను పొరకలు అమ్ముకుంటాండానంట!"

సౌందరరాజన్ గారు పొరక కొసను తడిమి చూశారు. గట్టి ఈనె నానిన మరమరాల్లా వేలికి నలిగింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ పొరకను రెండు చేతులా అందుకుని, తలెత్తి, ప్రసాదం పళ్ళెం మోసినట్టు వరండా పొడుగునా మోసుకుపోయారు. ఎదురొచ్చిన దయానంద్ పక్కకు తప్పుకుంటూ, "ఎవరికి సార్ దిష్టి?" అన్నాడు.

దిష్టి కాదు, అదృష్టం. సంగతేమిటంటే, చెట్టు తన ఒళ్ళు కట్టుకునేది చక్కెరతోనే. కాకపోతే ఆ చక్కెర పలుకులను గొలుసుల్లా బిగించేస్తుంది. అందుకే మనం చెరకు రసం తాగగలం గానీ, పిప్పి నమల్లేం. ఆ గొలుసును తెంపే కత్తెర ఒకటుంది, దాని పేరు ఎంజైము. కత్తెర చేయడానికి నమూనా కాగితం ఒకటుంది, దాని పేరు జన్యువు. టెంకాయ ఈనెనే మెత్తబరిచిన బూజు దగ్గర ఎంత పదునైన కత్తెర ఉండాలి! ఆ నమూనా కాగితం చేతికి చిక్కితే, చిత్తూరు జిల్లాలో గుట్టలుగా తగలబెట్టే చెరకు పిప్పి, వేరుసెనగ పొట్టు అన్నీ చక్కెరవుతాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన వెతుకుతున్న కత్తెర అదే. ఆ జన్యువును పట్టుకునే పని నిస్సీకి అప్పగించారు. కొత్త బూజుకు సహజంగానే సుబ్బులమ్మ గారు అని పేరు పడింది.

ఆ బూజుకు ఒక పెంకితనం ఉండేది. తేరగా చక్కెర దొరికితే కత్తెర బయటికి తీయదు. తినడం, పడుకోవడం, అంతే. చక్కెర ఆపేసి, కడుపు మాడ్చి, ముందర ఒక పొరక పుల్ల పడేస్తేనే పని మొదలుపెడుతుంది. మనుషుల్లో కూడా ఇలాంటివారు ఉన్నారు గానీ, వారి జోలి మనకెందుకు?

ఆ మధ్యలో హైదరాబాదు నుంచి పరిశీలన కమిటీ వచ్చింది. కమిటీ పెద్ద, జాలిగుండె మనిషి, కుర్చీలో కూర్చోగానే పని ఎలా సాగుతోందని అడిగారు.

"సుబ్బులమ్మ గారి దయ వల్ల బాగానే ఉందండి," అన్నారు సౌందరరాజన్ గారు. "అయితే సుబ్బులమ్మ గారికి చక్కెర పడదు."

"అయ్యో పాపం. మా ఇంట్లోనూ అంతే."

"చక్కెర ఇచ్చామా, ఇక పని ముట్టుకోరు."

"మరి ఏమిస్తారు?"

"ఏమీ ఇవ్వం. నాలుగు రోజులు కడుపు మాడుస్తాం. ఐదో రోజు ఒక పొరక పుల్ల ఇస్తాం. అప్పుడు చూడాలండీ, ఏం పని! ఏం పని!"

కమిటీ పెద్ద కుర్చీ అంచుకు జరిగారు. "ఎక్కడుంచుతారు?"

"చీకట్లోనే. వెలుతురు చూస్తే వారికి రంగు మారుతుంది."

సరిగ్గా అప్పుడే సుబ్బులమ్మ, సన్నగా, నిటారుగా, పొరక పుచ్చుకుని లోపలికి వచ్చింది. "సుబ్బులమ్మ గారూ, కాసేపాగి ఊడుద్దురు గానీ," అన్నారు సౌందరరాజన్ గారు. కమిటీ పెద్ద లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు చెమర్చాయి. తన ముందున్న టిఫిను పళ్ళెం ఆమె చేతుల్లో పెట్టి, "తినమ్మా, ఎవరికీ భయపడకు," అన్నారు.

"నేను తినే వొచ్చినా సార్, రాగి సంగటి," అంది ఆమె తికమకపడి.

"ఎన్ని రోజులైంది?"

మూడు నెలల ఉత్తర ప్రత్యుత్తరాలు నడిస్తే గానీ చిక్కు విడలేదు. ఈలోగా 'పారిశుద్ధ్య సిబ్బందికి రోజూ క్యాంటీన్లో ఉచితంగా టిఫిను ఇవ్వవలెను' అన్న సిఫారసు అమలైపోయింది, రద్దు చేయడం ఎవరికీ గుర్తు రాలేదు. కమిటీ సిఫారసు అమలు కావడం ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో అదొక్కసారే. సుబ్బులమ్మ టీ గ్లాసు అందుకుంటూ క్యాంటీన్ వాళ్ళకు గట్టిగా చెప్పేది: "సక్కెర పడంది ఆ సుబ్బులమ్మ గారికి. నాకు బాగా పడతాది, ఇంకో సెంచా ఎయ్యి!"

నాలుగేళ్ళు పట్టింది. నాలుగో ఏడు చివర నిస్సీ ఆ జన్యువును పట్టేసింది. వ్యాసం రాసి పెద్ద పత్రికకు పంపారు. వేసవిలో జవాబు వచ్చింది. బ్రహ్మాండంగా ఉంది, రెండే రెండు పనులు మిగిలాయన్నారు. ఒకటి, ఆ బూజును ప్రాణంతో జాతీయ సూక్ష్మజీవుల భాండాగారంలో జమ చేసి, జూన్ ఇరవైలోగా రసీదు పంపాలి. రెండు, జన్యువుకు అంకె వేస్తే చాలదు, ఆచారం ప్రకారం మూడక్షరాల పేరు పెట్టి జూన్ ఆఖరులోగా తెలపాలి.

"పేరు మీరే పెట్టాలి, నిస్సీ గారూ. పట్టింది మీరు," అన్నారు సౌందరరాజన్ గారు.

నిస్సీ పేరు ఆలోచిస్తూ ఉంది. ఆ జూన్ నెలాఖరుకే సౌందరరాజన్ గారి పదవీ విరమణ. వ్యాసం అచ్చయితేనే ఆమె డాక్టరేటు. పుత్తూరులో పాల్ గారు అప్పుడే ఇడ్లీ బండి మీద 'డాక్టర్ నిస్సీ గారి తండ్రి' అని రాయించాలా వద్దా అని పెయింటరుతో చర్చలు మొదలుపెట్టారు.

శుక్రవారం సాయంత్రం ప్రయోగశాలకు తాళం వేశారు. సోమవారం పొద్దున తీశారు. గదంతా నీళ్ళు. బూజులన్నిటినీ గడ్డకట్టించి దాచిన చలిపెట్టె ఆగిపోయింది. స్టెబిలైజరులో బల్లి దూరింది. రెండు రోజుల తిరుపతి ఎండకు లోపల అంతా కరిగి, చిన్న చిన్న సీసాల మూతలు లేచి, ఒకరింట్లోకి ఒకరు కొట్టుకుపోయి, ఏ బూజు ఎవరో తెలియకుండా కలిసిపోయాయి. బయట బల్ల మీద పెంచుతున్న పిల్ల బూజులు ఉన్నాయి గానీ, అవి చక్కెర మీద మార్చి మార్చి పెంచిన నకళ్ళు, కత్తెరను ఎప్పుడో పోగొట్టుకున్నాయి. పొరక పుల్ల వేస్తే వాసన కూడా చూడటం లేదు.

నిస్సీ నేల మీద కూర్చుండిపోయింది. సౌందరరాజన్ గారు వంగి, నల్లగా మాడిన బల్లిని చూసి, "వీరూ పోయారు పాపం," అన్నారు. తర్వాత ఫోను తీశారు. ఎవరికైనా చెప్పుకోకపోతే ఆయన గుండె ఆగేలా ఉంది. చెంగయ్య సెలవు పెట్టి పూతలపట్టులో చుట్టాల పెళ్ళిలో ఉన్నాడు.

"చెంగయ్య గారూ," అన్నారు, "సుబ్బులమ్మ గారు పోయారు."

పెళ్ళి మేళం మధ్యలోంచి చెంగయ్య లేచి బయటికి వచ్చేశాడు. ఇరవై ఏళ్ళుగా ఆ గదిలో ఉన్న మనిషికి ఏ సుబ్బులమ్మో తెలియదా అంటే, అక్కడే ఉంది మెలిక. బూజు పోతే సార్ 'పరమపదించారు' అంటారు. దుఃఖంలో ఆ పూట ఆయనకు ఆ మాట నోటికి రాలేదు. ఉత్త 'పోయారు' అంటే, చెంగయ్య వ్యాకరణం ప్రకారం, పోయింది మనిషి.

"ఎట్లా సామీ?"

"కరెంటు," అన్నారు సౌందరరాజన్ గారు. ఫోను పెట్టేశారు.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ చకచకా జరిగిపోయాయి. పది నిమిషాల్లో డిపార్టుమెంటు వాట్సాప్ గుంపులో చెంగయ్య పెట్టిన కబురు, సుబ్బులమ్మ ఫొటో, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. దయానంద్ రెండు నిమిషాలు మౌనం పాటింపజేసి, బజారులో నిలువెత్తు రోజాపూల మాల కొనిపించి, మూడు ఆటోల్లో పదకొండు మందితో సుబ్బులమ్మ ఇంటికి బయలుదేరాడు.

ఆ పొద్దున ఇంట్లో మిరపకాయలు ఎండబెట్టాలని సుబ్బులమ్మ సెలవు పెట్టింది. తలుపు చప్పుడైతే తీసింది. ఎదురుగా పదకొండు మంది, నిలువెత్తు మాల.

"ఏమప్పా, అందరూ ఒకే తూరి వొచ్చినారు? ఎవురు పోయినారు?"

దయానంద్ మాలను వీపు వెనక దాచబోయాడు గానీ, అది దాగే మాల కాదు. అంతలో పూతలపట్టు బస్సు దిగి, సందు మొదట్నుంచే ఏడ్చుకుంటూ వచ్చిన చెంగయ్య జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, ఆమెను పై నుంచి కింద దాకా చూశాడు.

"సుబ్బులమ్మ గారూ! నువ్వు పోయినావంట గదా!"

"నేనా? ఎప్పుడు?"

"శనివారమే పోయింటావు! కరెంటు షాకంట!"

"ఎవురు జెప్పినారు నీకు?"

"సారే జెప్పినాడు!"

"సామి జెప్పినాడా!" సుబ్బులమ్మ మొహంలో మొదటిసారి కలవరం కనిపించింది. "సామి అబద్ధం జెప్పడే..." అంటూ తన చేతిని తానే ఒకసారి గిల్లి చూసుకుంది.

వాట్సాప్ చూసి, స్కూటీ మీద పరుగున వచ్చిన నిస్సీ అసలు సంగతి విప్పింది. పోయింది బూజు. పొరకలో దొరికిన బూజు. సగం చెప్పేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు. డాక్టరేటు పోయింది, సార్ ముప్ఫై ఏళ్ళ పని పోయింది, ఇరవై రోజులు కూడా లేవు గడువు.

సుబ్బులమ్మ ఆమె తల నిమిరింది. "వుండు తల్లీ. ఎవురు పోయిందీ? మొదుట నా పొరకలో దొరికినోళ్ళా, ఆ తర్వాత మీరు పెంచిన పిల్లోళ్ళా?"

"అందరూ పోయినారక్కా."

"అందరూ యాడ పోతారు? మొదుటోళ్ళు నా డబ్బాలో ఉండారు గదా!"

మూడు ఆటోలూ వెనక్కి తిరిగాయి. మాల కూడా వచ్చింది; ఇంత పెట్టి కొన్న పూలు వాడిపోతే ఎలాగని సుబ్బులమ్మే ఒళ్ళో పెట్టుకుంది. తన మాల తానే మోసుకుంటూ వచ్చిన మనిషిని గడపలో చూసి, సంగతేమీ తెలియని సౌందరరాజన్ గారు కుర్చీలోంచి లేచి, "రండి సుబ్బులమ్మ గారూ, మాల ఎవరికి?" అన్నారు.

"నాకే సామీ," అని, ఆమె పొరకలు పెట్టుకునే గది తాళం తీసింది.

మూలన పాత బిస్కెట్ల రేకు డబ్బా. మూత తీస్తే నిండా ఎండిన స్వర్ణముఖి ఏటి ఇసుక, పైన వేపాకు. ఇసుకలో గుచ్చి నిలబెట్టిన గాజు గొట్టాలు నలభై దాకా, మూతులకు దూది, ఒంటి మీద చీటీలు. మునిరామయ్య గారు. వరదమ్మ గారు. నాలుగో వరసలో, సౌందరరాజన్ గారి చేతిరాతతో, 'సుబ్బులమ్మ గారు, పొరక'. లోపల బూజు ఎండిన అప్పడం ముక్కలా ముడుచుకుని ఉంది.

"తప్పు జేసినా సామీ," అంది సుబ్బులమ్మ తల వంచుకుని. "పాత గొట్టాలు ఆవిరి కుక్కర్లో ఉడకబెట్టి పారేయమంటిరి. బిడ్డల్ని పారేసినా. పేరు పెట్టిన మొదుటోళ్ళను మాత్రం చేతులు రాలా. మీరేమో గారు గారు అంటిరి. గారంటే పెద్దోళ్ళు. పెద్దోళ్ళను చెత్తలో ఎట్టేసేది?"

నియమాల ప్రకారం అది పెద్ద నేరం. దయానంద్ ఆ నియమం నంబరు కూడా చెప్పబోయాడు. సౌందరరాజన్ గారు చెయ్యెత్తి ఆపారు. ఆ గొట్టాన్ని రెండు చేతులా తీసుకున్నారు.

"పొడి ఇసుకలో దాస్తే వీరు ఏళ్ళ తరబడి నిద్రపోతారని పాత పుస్తకాల్లో ఉంది," అన్నారు మెల్లగా. "మేం చదివాం. సుబ్బులమ్మ గారు చేశారు."

చిటికెడు ఎండు బూజును తడి పళ్ళెంలో చల్లి, పక్కన తిండిగా ఒక్క పొరక పుల్ల పెట్టి, నిస్సీ మూత వేసింది. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు కల్యాణవల్లి గారు సాత్తముదు క్యారియరు పట్టుకుని వచ్చి, పళ్ళెం మీదికి వంగి గట్టిగా చెప్పారు: "లేవండి సుబ్బులమ్మ గారూ! మీరు లేస్తే గానీ మా ఆయన మెతుకు ముట్టరు!"

నాలుగో రోజు పొద్దున నిస్సీ తలుపు తీసి, ఒక్క క్షణం చూసి, వరండాలోకి వచ్చి, ప్రయోగశాలలో అరవకూడదన్న నియమాన్ని భవనం పునాదుల దాకా బద్దలు కొట్టింది.

"లేచినారు సార్! లేచినారు!"

పచ్చటి బూజు పుల్లను వాటేసుకుని ఉంది. వారానికల్లా ఈనె మెత్తబడింది. జన్యువు పరీక్షలో, పిల్ల బూజులకు ఖాళీగా కనిపించిన చోట తెల్లటి గీత నెలవంకలా వెలిగింది. జూన్ పద్దెనిమిదిన భాండాగారం రసీదు వచ్చింది. గడువుకు రెండు రోజుల ముందు. క్యాంటీన్లో ఆ రోజు సుబ్బులమ్మ టీలో ఎన్ని చెంచాల చక్కెర పడిందో లెక్క లేదు.

జూన్ ముప్ఫైన వీడ్కోలు సభ. హాలు నిండిపోయింది. దయానంద్ మైకు అందుకుని, తన సిద్ధాంతాన్ని చివరిసారిగా వినిపించాడు. "సార్ వాళ్ళ ఇంట్లో చారును కూడా మర్యాదగా పిలుస్తారు. ఆ అలవాటే బూజుకు కూడా వచ్చింది. ఆ అలవాటే చివరికి బూజును బతికించింది!" హాలంతా చప్పట్లు.

వెనక వరసలో నిస్సీ పక్కన కూర్చున్న చెంగయ్య చప్పట్లు కొట్టలేదు. "చారూ లేదు, గీరూ లేదు," అన్నాడు.

"అంటే ఏమన్నా?"

"సుబ్బులమ్మ గారు పన్లో చేరిన కొత్తలో ఈడ అందరూ ఆమెను 'ఏయ్ పొరకా' అని పిలిచేటోళ్ళు. నేను కూడా, దాచేదేముందిలే. సార్ ఒక్కడే సుబ్బులమ్మ గారూ అన్నాడు. ఇంక సూడు, వరండా అంతా నవ్వులు. 'గారూ, కక్కసు కడిగినారా గారూ?' 'గారు గారు వస్తాండారు, దోవ ఇడవండప్పా!' అని యెక్కిరింత. ఆయమ్మ ఏడ్చుకుంటా వొచ్చి, 'సామీ, నన్ను గారు అనొద్దు, అంటే పని మానేస్తా' అనె."

"సార్ ఏమన్నారు?"

"ఏమీ అన్లా. మర్నాడు పొద్దున అందరూ ఉండంగా బూజు పెట్టె తలుపు తీసి, వొంగి, 'బాగున్నారా బూజు గారూ?' అన్నాడు. అంతవరకూ ఆయన ఎప్పుడూ అట్లా అన్లేదు తల్లీ! అంతే, నవ్వంతా ఆయన పక్కకు తిరిగిపోయె. ఇంక సుబ్బులమ్మను సూసి నవ్వే తీరిక ఎవురికుండాది? ఏడాదికంతా మేమూ బూజును గారు అనబట్టినాం, అలవాటై. బూజునే గారు అన్నాక, మనిషిని 'ఏయ్' అనడానికి నోరెట్లా వొస్తాదమ్మా?"

నిస్సీ వేదిక మీద మెడ నిండా మాలలతో, వచ్చిన పూలకు కూడా పేరుపేరునా నమస్కారం పెడుతున్న పెద్దాయనను చూసింది. తర్వాత ఫోను తీసి, పత్రిక వారికి ఇవ్వాల్సిన జవాబులో, ఇన్నాళ్ళూ ఖాళీగా వదిలేసిన గడి నింపి, పంపేసింది.

సభ అయ్యాక వేదిక దగ్గరికి వెళ్ళింది. చెంగయ్య, కల్యాణవల్లి గారు, సుబ్బులమ్మ అక్కడే ఉన్నారు.

"సార్, జన్యువుకు పేరు పెట్టేసినాను. ఇంగ్లీషులో మూడే అక్షరాలు. జి, ఎ, ఆర్. గారు."

సౌందరరాజన్ గారు చెంగయ్య వైపు చూశారు. చెంగయ్య పైకప్పు వైపు చూశాడు.

"చెంగయ్య గారికి అతిశయోక్తి ఎక్కువ," అన్నారు ఆయన, కళ్ళజోడు తీసి అనవసరంగా తుడుస్తూ. "మా ఇంట్లో చారును కూడా..."

"సాల్లే సామీ," అంది సుబ్బులమ్మ నవ్వుతూ. "నాకొకటే సందేహం. మీరు ఎవుర్నీ ఉత్త పేరుతో పిలవరు గదా. మరి ఆయన పేరే గారు అయితే, ఆయన్ను ఏమని పిలుస్తారు?"

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో సౌందరరాజన్ గారు జవాబు చెప్పడానికి ఇంతసేపు తీసుకున్న ప్రశ్న ఇంకోటి లేదు. కళ్ళజోడు పెట్టుకున్నారు. కాస్త వంగారు. గంభీరంగా అన్నారు:

"గారు గారు."